షెడ్డు మొత్తానికీ మందు

మొదలైననాటికి ఆమె చేతిలో ఉన్నవి ఇవి: దాణా దుకాణం తాళంచెవి, ఎవరూ వేలెత్తి చూపలేని కాటా, నెలలో సగం రోజులు లైనుకి వెళ్ళి ఊరూరా ఆర్డర్లు పట్టుకొచ్చే మొగుడు, నలుగురిలో మెచ్చుకుని నాలుగు గోడల మధ్య మరచిపోయే అత్త, బడికెళ్ళే కూతురు. వీటితోపాటు బొడ్డుకి బెత్తెడు దిగువన కొత్తగా చేరిన నొప్పి ఒకటి. దాన్ని ఆమె చాలా రోజులు లెక్కలోకి తీసుకోలేదు. బస్తాలు జరిపే మనిషికి నడుము నొప్పీ కడుపు నొప్పీ తరుగు కింద పోతాయి. మూట విప్పి కట్టేటప్పుడు నాలుగు గింజలు రాలవూ, అలాగే.

పొద్దున లేచి ఇల్లు ఊడ్చి, టీ పెట్టి, కూతురికి జడ వేసి, అత్తగారి మోకాళ్ళకి నూనె వెచ్చజేసి ఇచ్చి, ఆ తర్వాత దుకాణం షట్టరు ఎత్తేది. తవుడు, మొక్కజొన్న నూక, వేరుశెనగ చెక్క, కోళ్ళ మేత, కోళ్ళ మందులు. బోర్డు మీద పోయిన మామగారి పేరు, బిల్లు మీద మొగుడి సంతకం. ఆమె పేరు ఎక్కడా లేదు. కొనేవాళ్ళ నోళ్ళలో మాత్రం ఉంది, అదీ మారుపేరు. కాటా అక్క అనేవాళ్ళు. పెళ్ళైన కొత్తలో ఒకసారి, నవ్వుతూనే, నాకూ ఒక జీతం కట్టండి అత్తయ్యా అంది. అత్తగారు ఇంకా బాగా నవ్వింది. "ఇంటి మనిషికి జీతమేంటమ్మాయ్? రేపు నీ చెయ్యి కూడా ముద్ద కలిపినందుకు నిన్ను కూలి అడుగుతుందేమో చూసుకో" అంది. ఆ మాట చుట్టాల్లో చాలాకాలం తిరిగింది. తిరిగిన చోటల్లా నవ్వులు రాబట్టింది.

వ్యాపారం ఆమెకి నేర్పింది మామగారు. లైనుకి వెళ్ళడం ఆ ఇంట్లో మొదలుపెట్టిందీ ఆయనే. ఆయన చెప్పిన కిటుకుల్లో ఒకదాన్ని ఆమె ఎన్నడూ తప్పలేదు. సరుకు తక్కువ పడ్డప్పుడు ఒకరికి మొత్తం ఇచ్చి ఇంకొకర్ని ఉత్త చేతులతో పంపకూడదు. ఉన్నదాన్ని సగం సగం చేసి ఇద్దరికీ ఇవ్వాలి. ఇద్దరికీ పని నడుస్తుంది, ఇద్దరూ మళ్ళీ మన గడపే తొక్కుతారు. ఒక్క కోళ్ళ మందు దగ్గరే ఆమె ఈ పద్ధతి పాటించేది కాదు. ఎవరైనా సగం సీసా అడిగితే, "పోస్తే షెడ్డు మొత్తానికీ పొయ్యి, లేకపోతే డబ్బులు జేబులో పెట్టుకుని ఇంటికెళ్ళు" అనేది. బేరం పోయినా సరే అనేది.

మొగుడు లైను నుంచి వచ్చిన రోజుల్లో, ఆయన దగ్గరికి వచ్చి వెళ్ళాక, రక్తం కనబడటం మొదలైంది. ఒంటికి వెళ్ళేటప్పుడు సన్నటి మంట. వేడి చేసిందనుకుంది. నీళ్ళు ఎక్కువ తాగింది. చివరికి ఒక మధ్యాహ్నం, బ్యాంకు పని ఉందని చెప్పి, ఆడవాళ్ళ ఆసుపత్రికి వెళ్ళింది. పరీక్ష చేశారు. మళ్ళీ రమ్మన్నారు. మళ్ళీ వెళ్తే డాక్టరమ్మ తలుపు దగ్గరగా వేసి, క్లమీడియా అంది. ఆ పేరు నోటికి పట్టక ఆమె మూడుసార్లు పలికించుకుంది, కొత్త కంపెనీ మేత పేరు అడిగినట్టు.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఇది కలయికతో ఒకరి నుంచి ఒకరికి పాకే జబ్బు. చాలామందిలో ఏమీ బయటపడదు, నెలల తరబడి నోరు మూసుకుని ఒంట్లో కూర్చుంటుంది. మందుకి లొంగుతుంది. వదిలేస్తే మాత్రం లోపలికి పాకి గర్భసంచి గొట్టాలని పాడుచేస్తుంది, ఆ తర్వాత పిల్లలు పుట్టడం కష్టమవుతుంది, కడుపు వచ్చినా అది గొట్టంలోనే నిలిచి ప్రాణం మీదికి రావచ్చు. ఆమె అంతా విని, దుకాణంలో బాత్రూం ఒకటే ఉంది, లారీవాళ్ళు కూడా అదే వాడతారు, దానివల్లేమో అంది. కాదంది డాక్టరమ్మ. తువ్వాలు? కాదు. ఎంగిలి గ్లాసు? కాదు. ఒక్కొక్క తలుపూ మూసుకుపోతుంటే చివరికి మిగిలిన తలుపు తన పడకగదిది.

"ఎప్పుడొచ్చిందో, ఎవరి నుంచొచ్చిందో ఈ పరీక్షలో తెలుస్తుందాండీ?" అని అడిగింది.

"తెలీదమ్మా. ఉందని మాత్రమే చెబుతుంది. మీ ఆయన్ని కూడా తీసుకురండి. ఇద్దరూ ఒకేసారి మందు వాడాలి. ఇద్దరి మందూ పూర్తయ్యేదాకా దగ్గర కాకూడదు. లేకపోతే మీకు తగ్గిందే మళ్ళీ ఆయన నుంచి మీకొస్తుంది."

ఆయన లైనులో ఉన్నారంది. అబద్ధం. ఆయన ఆ పూట దుకాణంలోనే కూర్చుని ఉన్నాడు, ఆమె బ్యాంకు నుంచి ఎప్పుడొస్తుందా అని చూస్తూ.

వారం రోజుల మందు సంచిలో పెట్టుకుని ఇంటికి నడిచింది. దారి పొడుగునా ఒకే భయం. జబ్బు భయం కాదది. జబ్బుకి మందుంది, సంచిలోనే ఉంది. ఉందని మాత్రమే చెప్పి, ఎవరు తెచ్చారో చెప్పని ఆ పరీక్ష భయం. ఎదురు వీధి టైలరు పెళ్ళానికి ఏదో ఆడజబ్బు అని తెలిసిన వారంలోపే వీధి వీధంతా ఆవిడ గుణాన్ని తూచి పారేసింది. టైలరు గుణం ఏ కాటా మీదికీ ఎక్కలేదు. తనేమో పొద్దస్తమానం మగవాళ్ళతో బేరాలాడే మనిషి. ఒకసారి లారీ డ్రైవరు ఏదో హాస్యమాడితే నవ్వింది. ఆ సాయంత్రం మొగుడు బూట్లు విప్పుకుంటూ, గొంతు పెంచకుండా, "నవ్వు కూడా తూచి ఇస్తుండు, మొగ్గు ఎక్కువ వేస్తున్నావు" అన్నాడు. ఆయన కొట్టే మనిషి కాదు. అలాంటి మాటొకటి అంటాడు. అది ఒంట్లో దిగి ఉండిపోతుంది, ముల్లు విరిగి లోపల ఉండిపోయినట్టు. ఇప్పుడు నోరు తెరిస్తే ఆ నవ్వు, ఆ డ్రైవరు, తొమ్మిదేళ్ళుగా ఆ గల్లాపెట్టె ముందు గడిపిన ప్రతి పూటా సాక్ష్యానికి వస్తాయి. అత్తగారు ఒక్క మాట కూడా అనక్కర్లేదు, తాళంచెవికోసం చెయ్యి చాపితే చాలు. కూతురు ఎవరి వైపు కూర్చుంటుంది? తను ఎక్కడికి వెళుతుంది? వెళ్తే ఏం పట్టుకెళుతుంది? దుకాణంలో తన పేరున్న వస్తువు ఒక్కటంటే ఒక్కటి లేదే.

భయపడ్డ మనిషి తనకి బాగా తెలిసిన పనే చేస్తుంది. ఆమెకి తెలిసింది వ్యాపారం. మందు ఒకరికి సరిపడానే ఉంది, కావలసింది ఇద్దరికి. సగం సగం చేసింది. సగం ఆకుపచ్చ, సగం నీలం రంగున్న ఆ గొట్టం మాత్రలు పూటకొకటి తను మింగింది, పూటకొకటి ఆయన కంచం పక్కన పెట్టింది. "తిరిగి తిరిగి నీరసించిపోతున్నారు, బలానికి" అంది. ఆయన మాత్రని అరచేతిలో వేసుకుని కాసేపు చూశాడు. తర్వాత ఆయన ఏమీ అడక్కుండా నోట్లో వేసుకుని నీళ్ళు తాగాడు. అదృష్టమంటే నీదేరా, పెళ్ళాం బలం మాత్రలు కూడా కొనిపెడుతోంది అంది అత్తగారు. ఆ మెచ్చుకోలు విని ఆమె కాళ్ళు తేలికపడ్డాయి. మాత్రలు సగం చేయకూడదని డాక్టరమ్మ చెప్పలేదు. అలా చేసే మనిషి ఒకత్తి ఉంటుందని ఆవిడకి తోచి ఉండదు.

మందైతే మాట్లాడకుండా పెట్టింది గానీ, దూరంగా ఉండటానికి ఏం చెబుతుంది? ఒకరోజు తలనొప్పి, ఒకరోజు అలసట. మూడో రోజుకి సాకులు అయిపోయాయి. మూడో రోజుకి మొగుడి ఓపికా అయిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు నొప్పి తగ్గినట్టే ఉంది. ఆమె నిజంగానే సంతోషపడింది, నష్టం లేకుండా సరుకు వదిలించుకున్న బేరగాడిలా. రెండు నెలలు తిరిగేసరికి జ్వరంతో పాటు నొప్పి వచ్చింది. ఈసారి నడిస్తే నొప్పి, కూర్చుంటే నొప్పి. తవుడు బస్తా మీద చెయ్యి ఆనించి నిలబడి, కొనేవాళ్ళకి కనబడకుండా పళ్ళు బిగించేది. అత్తగారు గమనించింది. అత్తగారూ అలాగే నడుస్తుంది, ఎన్నాళ్ళ నుంచో, పొత్తికడుపు మీద ఎడమ చెయ్యి వేసుకుని. "ఆడ పుట్టుకన్నాక కడుపు నొప్పి ఉంటుందమ్మాయ్. నాకు వీడు పుట్టినప్పటి నుంచీ ఉంది. వీడితోనే నా కడుపు పండటం ఆగిపోయింది. మా అత్త నన్ను ఒక్క కాయ చెట్టు అనేది" అంది, నొప్పి గురించి కాక వాతావరణం గురించి చెబుతున్నట్టు.

ఆమె మళ్ళీ ఆసుపత్రికి వెళ్తే, డాక్టరమ్మ పరీక్ష చూసి, మందు మొత్తం వాడారా అని అడిగింది. ఆయన వాడారా అని అడిగింది. ఆమె బల్ల మీది కాగితాల బరువు రాయిని చూస్తూ నిజం చెప్పింది. డాక్టరమ్మ కోప్పడకుండానే, సగం మందు ఇద్దరిలో ఒకరికీ చాలలేదని, చెప్పకుండా ఇంకొకరి చేత మందు మింగించడం ప్రమాదమని, ఆయనకి ఆ మందు పడకపోయి ఉంటే ఏమయ్యేదని అంది. జబ్బు ఇప్పుడు లోపలికి పాకింది. ఇంజక్షన్, రెండు వారాల మాత్రలు. గొట్టాలకి ఏమైనా అయిందా అంటే ఇప్పుడే చెప్పలేను అంది. ఆఖర్న, "ఇంట్లో మీకు భయమా?" అని అడిగింది.

"కొట్టరండీ" అంది.

"నేనడిగింది అది కాదమ్మా."

డాక్టరమ్మ ఆయన పేరు మీద వేరే చీటీ రాసి ఇచ్చింది. వచ్చి పరీక్ష చేయించుకోమని, అవసరమైతే తనే మాట్లాడతానని చెప్పింది. మాత్రలు నీళ్ళతో వేసుకుని కాసేపు నిటారుగా కూర్చోమంది, ఎండలో తిరగొద్దంది. ఈసారి సగం చేయకండి అని విడిగా చెప్పింది.

చీటీ రెండు రోజులు జాకెట్లోనే ఉండిపోయింది. అన్నం కలిపేటప్పుడు గుచ్చుకునేది, బస్తా వంచేటప్పుడు గుచ్చుకునేది. మాట పెదవి దాకా వచ్చి, ఆయన తలెత్తగానే లోపలికి జారుకునేది. ఒకసారి ఏమండీ అని పిలిచి, ఆయన ఏంటంటే, చెక్క అయిపోవచ్చింది అంది.

మూడో రోజు మధ్యాహ్నం కోళ్ళు పెంచే ఆవిడ వచ్చింది, రెండు షెడ్లున్న మనిషి. మొగుడు లోపల బస్తాలు పేరుస్తున్నాడు.

"అక్కా, ఒక షెడ్డులో ఒక పక్క కోళ్ళే తుమ్ముతున్నాయి. రెండో పక్కవి చక్కగా మేస్తున్నాయి. సగం సీసా ఇవ్వు చాలు."

"సగం ఇవ్వను" అంది ఆమె, అలవాటుగా. "పోస్తే షెడ్డు మొత్తానికీ పొయ్యి. తుమ్మేవి ఎటూ కనబడతాయి. బాగున్నట్టు కనబడేవే నీ కొంప ముంచేది. వాటిని వదిలేసి వీటికి ఎంత పోసినా..."

అక్కడ ఆగిపోయింది. సొంత గొంతు గోడకి తగిలి తిరిగొచ్చి చెంప మీద కొట్టినట్టయింది. ఈ మాట ఇదే చోట నిలబడి ఎన్నిసార్లు చెప్పింది. పరాయివాళ్ళ కోళ్ళ కోసం బేరం పోగొట్టుకుని మరీ చెప్పింది. కోళ్ళావిడ ఒక క్షణం చూసి, సర్లే తల్లీ, మొత్తం సీసానే ఇవ్వు, నీతో గెలిచేవాళ్ళెవరు అని తీసుకుని వెళ్ళిపోయింది. మొగుడు చేతులు దులుపుకుంటూ ముందుకొచ్చాడు. "సగం అడిగినదానికి మొత్తం అంటగట్టావు, బాగుంది" అన్నాడు.

"షట్టరు సగం దించండి" అంది.

"ఇంకా బేరాలొచ్చే వేళ."

"రానివ్వండి. దించండి."

ఆయన దించాడు. దుకాణంలోకి అడుగున ఒక గీతలా మాత్రమే వెలుగు వచ్చింది. ఆమె కాటా పళ్ళేన్ని పట్టుకుంది. "నాకు క్లమీడియా వచ్చింది. మొగుడూ పెళ్ళాల మధ్య పాకే జబ్బు. మొదటిసారి తగ్గలేదు. మీరూ పరీక్ష చేయించుకోవాలి, నాతో పాటే మందు వాడాలి. ఇదిగో చీటీ" అంది. ఇన్నాళ్ళూ నోట్లో తిప్పిన మాటలు ఇంత తక్కువా అనిపించింది.

ఆ మాట కోసం కాచుకుంది. ఎవడు వాడు అంటాడు. డ్రైవరు పేరెత్తుతాడు. ఆయన అవేమీ అనలేదు. చీటీ కేసి చూశాడు, షట్టరు కేసి చూశాడు. అప్పుడు ఆమెలోని వ్యాపారి ఒకటి పట్టుకుంది. బేరానికి వచ్చినవాడు ఏం అడిగాడో కాదు, ఏం అడగలేదో చూడమనేవాడు మామగారు. ఆ పేరు తను మూడుసార్లు పలికించుకుంది. ఈయన అదేంటని ఒక్కసారి కూడా అడగలేదు.

"నాకెందుకు మళ్ళీ?" అన్నాడాయన.

"మళ్ళీనా?"

నోరు జారిందని ఆయనకీ తెలిసింది. పురికొస ఉండ తీసుకుని విప్పాడు, చుట్టాడు. లైనులో ఒకసారి మంట పుట్టిందన్నాడు. అక్కడే ఒక డాక్టరుకి చూపించుకున్నానన్నాడు. మందు మొత్తం వాడానని, ఒక్క పూట కూడా తప్పలేదని, ఎప్పుడో చలికాలంలోనే తగ్గిపోయిందని చెప్పాడు. మందు తప్పకుండా వాడానని చెప్పేటప్పుడు ఆ గొంతులో కాస్త గొప్ప కూడా ఉంది.

"ఇంట్లో చెప్పమని ఆ డాక్టరు చెప్పలేదా?"

"చెప్పాడు. నీకేమీ ఉన్నట్టు కనబడలేదు. బాగానే ఉన్నావు కదా అనుకున్నా."

"మరి నేను బలం మాత్రలని పెట్టినప్పుడు?"

ఆయన పురికొస కింద పెట్టాడు. "రంగు చూడగానే తెలిసింది."

"తెలిసే మింగారా."

"నువ్వేమీ అడగట్లేదు కదా. అడగనిదానికి నేనెందుకు చెప్పుకోవాలి?" అన్నాడు.

ఆమె తవుడు బస్తా మీద కూర్చుండిపోయింది. లెక్క ఆమె ప్రమేయం లేకుండానే తేలిపోయింది. ఆయనకి జబ్బొస్తే పూర్తి మందు ఆయనే మింగి, ఆమెకి జబ్బు మిగిల్చాడు. ఆమెకి మందు దొరికితే అందులో సగం తీసి ఆయనకి పెట్టింది. ఆ సగాన్ని కూడా ఆయన చూసి, గుర్తుపట్టి, ఎదురుగా కూర్చున్న ఆడదాని భయాన్ని మాత్రతో పాటే గుటకేసి, నీళ్ళు తాగాడు. ఇన్ని నెలలు తను ఎవరికి భయపడింది? తనకన్నా ఎక్కువ భయపడి, ఆ భయాన్ని తన నెత్తిన పెట్టి నిద్రపోయిన మనిషికి.

"అమ్మకి తెలియనివ్వకు. తట్టుకోలేదు" అన్నాడాయన, మెల్లగా.

"మీరు అప్పుడు వాడింది చెల్లదు. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చారు కదా, మళ్ళీ అంటుకునే ఉంటుంది. రేపు పొద్దున పరీక్షకి వెళ్ళండి. నా మందు నడుస్తోంది, మీరూ ఆలస్యం చేయకుండా మొదలుపెట్టండి. అది పూర్తయ్యాక, మళ్ళీ పరీక్షలో లేదని తేలేదాకా నేను పాపతో పడుకుంటాను. ఆ తర్వాత సంగతి నేను ఆలోచించుకోవాలి, మీరు కాదు. లైనులో ఎవరి దగ్గరికి వెళ్ళారో వాళ్ళకీ చెప్పండి. ఆవిడ కూడా ఇలాగే ఏ బస్తా పట్టుకునో నిలబడి ఉంటుంది" అంది. ఈసారి మాట ఎక్కడా తెగలేదు.

నాలుగు రోజుల తర్వాత, ఆయన పరీక్షకి వెళ్ళి మందు తెచ్చుకున్నాక, ఆదివారం పొద్దున వంటగదిలో ముగ్గురూ ఉన్నారు. కూతురు బయట ఆడుకుంటోంది. ఆమె రెండు గ్లాసుల నీళ్ళు పెట్టి, ఒక మాత్ర ఆయన ముందు, ఒక మాత్ర తన ముందు ఉంచింది. అత్తగారు చూసి నవ్వింది. "మళ్ళీ బలం మాత్రలేనా? ఈసారి ఇద్దరికీనా?"

ఆయన గ్లాసులోకి చూస్తూ, అవునమ్మా, బలానికే అన్నాడు. అని ఆమె కేసి చూశాడు. ఆ చూపులో బతిమాలటం ఉంది. ఒకప్పుడైతే అవునంటే సరిపోయేది. ఇంట్లో ఆ పూట గడిచిపోయేది. తాళంచెవి కొంగుకే ఉంది, ఆమె ఒకసారి తడుముకుంది.

"కాదత్తయ్యా. లైను నుంచి ఈయన తెచ్చి నాకిచ్చిన జబ్బుకి మందు. ఇద్దరం వేసుకుంటేనే పోతుంది."

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. ఎవరూ దించలేదు. ఆయన లేచి వెళ్ళిపోతాడనుకుంది. మాత్ర మింగి, అక్కడే నిటారుగా కూర్చున్నాడు. అత్తగారి చెయ్యి తాళంచెవి కోసం సాగుతుందేమోనని ఆమె ఆ చేతినే చూస్తోంది. అది కదిలింది. కదిలి, ఎప్పుడూ ఉండే చోటికే, పొత్తికడుపు మీదికే వెళ్ళింది.

"ఆ జబ్బుకి నొప్పి ఇక్కడేనా అమ్మాయ్?" అని అడిగింది ముసలావిడ.

అవునంది ఆమె.

అత్తగారు చాలాసేపు కొడుకుని చూసింది, కొడుకులో ఇంకెవర్నో చూస్తున్నట్టు. తర్వాత, ఎవరితోనూ కానట్టు అంది. "మీ మామయ్య కూడా లైనుకి వెళ్ళేవారు."

ఆమె పొయ్యి కట్టేసింది. అత్తయ్యా, రేపు నాతో ఆసుపత్రికి రండి, ఒకసారి చూపించుకుందాం అంది. ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడు చూసి ఏం తెలుస్తుందిలే అంది అత్తగారు. కానీ రానని అనలేదు.

చివరికి ఆమె చేతిలో మిగిలినవి: మందు మొత్తం, ఒక్క మాత్ర కూడా ఎవరికీ పంచకుండా. పాప గదిలో మంచం, తలుపుకి లోపలి వైపు గడియ. గొట్టాల సంగతి ఇంకా తేలలేదు, ఆ భయం అలాగే ఉంది. మొగుడి మీద నమ్మకం తరుగు కింద పోయింది, దాన్ని ఇక తూచే పని లేదు. తాళంచెవి కొంగుకే ఉంది. కొత్తగా జమైంది ఒక్కటే. మర్నాడు పొద్దున బ్యాంకు పని అని చెప్పకుండా, ఎక్కడికి వెళ్తున్నారో చెప్పి, ఇద్దరు ఆడవాళ్ళు ఆ ఇంట్లోంచి బయటికి నడిచారు. షట్టరు ఎత్తడానికి మొగుణ్ణి వదిలి వెళ్ళారు.